కడిగిన ఆకులు

7, సోమవారం

ఈరోజు ల్యాబ్‌లో ఆ కళ్ళజోడు పిల్ల చెయ్యి మెలిపెట్టాను. పొరపాటున కాదు, కావాలనే. ఆ పిల్ల కెవ్వుమంది. చేతిలోని ట్రే కింద పడి బూడిద నేలంతా పరుచుకుంది. తప్పెవరిది? వచ్చి మూడు వారాలు కాలేదు, అప్పుడే నా కత్తెర, నా సంచులు, నా పుస్తకం ముట్టుకోవడమా? కెమిస్టు అట. కాయితం మీద నాకు పై అధికారి కూడానట.

పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం నేనే ఆకులు కోస్తున్నాను. అణు ఇంధనం తయారుచేసే మా ఫ్యాక్టరీ పొగగొట్టానికి నాలుగు వైపులా కిలోమీటరుకొక చోట కోస్తాను. సింకులో మూడుసార్లు కడుగుతాను, ఓవెన్‌లో ఎండబెడతాను, ఫర్నేసులో బూడిద చేసి రేడియేషన్ కొలిచే కౌంటరులో పెడతాను. అంకె వస్తుంది. పుస్తకంలో ఎక్కిస్తాను. లోపల యురేనియం పొడిని బిళ్ళలుగా నొక్కుతున్నారు సరే, దాని ధూళి గాలిలో కలిసి బయటి చెట్ల మీద పడడం లేదని చెప్పే పుస్తకం అది. పదకొండేళ్ళలో అంకె ఒక్కసారి కూడా ఎర్రగీత దాటలేదు. ఊరంతా నన్ను ఆకులాయన అంటారు. ఊరికే అనరు కదా.

ఈ పిల్ల ఏం చేసిందంటే, శుక్రవారం నేను లేనప్పుడు మా బావ తోటకి వెళ్ళి ఆకుకూర కోసుకొచ్చి, కడక్కుండా బూడిద చేసింది. ప్రతి సంచికీ ఒక చీటీ ఉంటుంది. అందులో చివరి గడి 'కడిగినది, కడగనిది' అని. ఆ 'కడగనిది' దగ్గర నేను ఎన్నడూ టిక్కు పెట్టలేదు. ఈమె పెట్టింది. అంకె నా అంకెకి తొమ్మిది రెట్లు వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి నా పుస్తకంలో, నా రాతల మధ్యలో రాసింది!

"మట్టితో సహా కొలిస్తే అంకె పెరగదూ?" అన్నాను.

"ఆ మట్టి ఎక్కణ్ణించి వచ్చిందనే కదా బాబాయ్ మనం కొలవాలి?"

ఒళ్ళు మండింది. అప్పుడే చెయ్యి పట్టుకున్నాను.

ఆఫీసరు వచ్చి ఆమెకే గడ్డి పెట్టాడు. "జనం ఆకుకూర కడుక్కునే తింటారు కదమ్మా? అందుకే మనమూ కడిగే కొలుస్తాం. అదీ పద్ధతి" అన్నాడు. పుస్తకంలోంచి ఆ పేజీ చింపెయ్యమన్నాడు. నేనే చింపాను.

ఆమె మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు ఎర్రగా లేచాయి. రేపటికి పోతాయిలే.

8, మంగళవారం

పోలేదు. నీలంగా మారాయి.

9, బుధవారం

నా పెళ్ళాం వెళ్ళిపోయిన దగ్గర్నుంచి అక్కావాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఇల్లు బావది, తోట బావది, నేను తినే ముద్ద అక్క పెట్టేది. ఈ ఇంట్లో కోపం కూడా బావదే, ముక్కు మీద కూర్చుని ఉంటుంది.

అక్క పొద్దున్నే కట్టలు కడుతోంది. ఒడిలో పాత తువ్వాలు పరుచుకుంటుంది. దారం పళ్ళ మధ్య పట్టుకుంటుంది. పిడికెడు ఆకుకూర తీసి, తువ్వాలు మీద టపటపా దులిపి, దారం చుట్టి, ముడి బిగించి, బుట్టలో పడేస్తుంది. రోజుకి నాలుగైదు వందల కట్టలు. మధ్యలో దగ్గొస్తే దారం వదలకుండానే దగ్గుతుంది. అది చూస్తే చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది.

పాదాలు మళ్ళీ వాచాయి. కిడ్నీలు సరిగ్గా లేవన్నాడు డాక్టరు. ఎందువల్ల అంటే ఖాయంగా చెప్పలేను అన్నాడు. చెప్పలేను అన్నాడు. అంటే వయసు వల్ల కూడా కావచ్చు.

బావ వినోదం బావది. "ఏరా బామ్మర్దీ, ఆడపిల్ల మీద చెయ్యి చేసుకున్నావంటగా! ఇన్నాళ్ళకి మగాడివయ్యావురా" అని పకపకా నవ్వాడు.

అక్క నవ్వలేదు. "సిగ్గులేదట్రా నీకు?" అంది దారం పళ్ళలోంచి తియ్యకుండా.

10, గురువారం

కళ్ళజోడు చేతికి గుడ్డ కట్టుకొచ్చింది. నా వైపు చూడకుండా అడిగింది.

"కట్టలు కట్టేవాళ్ళు కడిగి కడతారా బాబాయ్?"

"కడిగితే సాయంత్రానికి కుళ్ళి జిగటైపోదూ? పొడిగానే కడతారు. ఆ మాత్రం తెలీదా?"

చిన్న కాయితం మీద రాసుకుంది. తెలివితక్కువ ప్రశ్న. చదువుకున్నవాళ్ళకి తోట సంగతులు ఏం తెలుస్తాయి?

తెలివితక్కువ ప్రశ్న.

14, సోమవారం

కొంప మునిగింది. కళ్ళజోడు పై ఆఫీసుకి ఉత్తరం రాసిందట, అంకెతో సహా. దాని నకలు ఎవరు బయటపెట్టారో గానీ మార్కెట్ గోడ మీద అతికించి ఉంది. మా వైపు తోటల ఆకుకూర ఎవడూ ముట్టుకోలేదు. బుట్టలు ఎక్కించిన బండి ఎక్కించినట్టే వెనక్కి వచ్చింది.

బావ ఊరుకుంటాడా? టోకు వ్యాపారిని అడిగాడు. పదేళ్ళ నుంచి బావ దగ్గరే సరుకు కొనేవాడు కదా, చనువు కొద్దీ "నీ ఆకులు తింటే రాత్రిళ్ళు లైటు అక్కర్లేదంటగా" అన్నాడు. బావ కాటా పళ్ళెం ఊడదీసి మూతి మీద కొట్టాడు. ఒక్క దెబ్బ కాదు. వాడు కింద పడ్డాక కూడా కొట్టాడు. నేను పట్టుకుని లాగాను, నా మోచెయ్యి కొట్టుకుపోయింది. వాడు నోట్లోంచి రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి, నమ్మలేనట్టు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక బావ చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు. అక్క తినలేదు.

15, మంగళవారం

తోటలవాళ్ళు అరవై డెబ్బై మంది ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. ముందు బావ, పక్కన పంపు మెకానిక్కు. మెకానిక్కు అంటే బావ ఏం చెబితే దానికి తల ఊపేవాడు. 'పరిహారమైనా ఇవ్వండి, అంకె అబద్ధమని రాసైనా ఇవ్వండి' అని అరుస్తున్నారు. ల్యాబ్ కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. ఎవడో రాయి విసిరాడు. గార్డులు లాఠీలు ఎత్తారు.

చాలామంది పారిపోయారు. బావ పారిపోలేదు. ఒక గార్డు లాఠీ లాక్కుని వాడినే కొట్టాడు, ఆ తర్వాత నలుగురు కలిసి బావని కింద పడేసి చితకబాదారు. తల పగిలింది. ఎనిమిది కుట్లు పడ్డాయి. మెకానిక్కుకి మోకాలు పోయింది. ఒక ముసలాయన గేటు చువ్వలు పట్టుకుని వదలకపోతే వేళ్ళ మీద కొట్టి వదిలించారు. ఆ చప్పుడు అద్దం లోంచి కూడా వినిపించింది.

నేను సింకు దగ్గర నిలబడి నిన్నటి ఆకులు కడుగుతూ ఉన్నాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పని ఆపకూడదు కదా.

కళ్ళజోడు పక్క కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. ఏడవాల్సింది మేము. నిప్పు పెట్టింది తను.

16, బుధవారం

తలకి కట్టుతో బావ మంచం మీద కూర్చున్నాడు. పక్కన మెకానిక్కు.

"ఆ పిల్ల ఎక్కడుంటుందిరా?"

"నాకేం తెలుసు బావా?"

"ఒకే గదిలో పనిచేస్తూ తెలీదా? ఎవరి అన్నం తింటున్నావురా నువ్వు? మీ అక్క పాదాలు చూడు. మందులు ఎక్కణ్ణించి తెస్తావో చెప్పు."

అక్క పాదాలు చూశాను.

"ఇల్లు చెప్పకు. వీధి చెప్పు చాలు. మాట్లాడి వస్తాం. రాసింది తప్పని ఇంకో కాయితం రాయించుకుంటాం, అంతే."

వీధి పేరు చెప్పాను. వీధి పేరు మాత్రమే. ఇంటి నంబరు నాకు తెలుసు, అయినా చెప్పలేదు.

17, గురువారం

నేనూ వెళ్ళాను. ఆపడానికే వెళ్ళాను. బావ గీత దాటితే ఆపుదామని.

మధ్యాహ్నం మూడు గంటలు. పొడుగాటి వీధి అది, రెండు వైపులా మేడలే. దొరకదులే అనుకున్నాను. మొదటి దర్జీనే అడిగాడు బావ, "కళ్ళజోడు పెట్టుకునే అమ్మాయి, ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తుంది" అని. దర్జీ కుట్టు ఆపకుండా గడ్డంతో చూపించాడు, పై అంతస్తు అని.

వాళ్ళిద్దరూ మెట్లెక్కారు. మెకానిక్కు కుంటుతూ ఎక్కాడు. నేను మెట్ల మలుపు దగ్గర ఆగాను. తలుపు బయట ఆమె చెప్పులు పక్కపక్కనే సర్ది ఉన్నాయి. కుండీలో ఏదో మొక్క ఉంది.

మొదట మాటలే. బావ నెమ్మదిగానే మాట్లాడాడు. "తప్పుగా రాశానని రాయమ్మా, అయిపోతుంది."

"తప్పు కాదండీ అది. మీ ఇంట్లో వాళ్ళ కోసమే చెబుతున్నాను. కట్టలు కట్టేవాళ్ళని ముందు డాక్టరుకి చూపించండి."

"మా ఇంటావిడ సంగతి నీకెందుకే?"

కుర్చీ పడింది. ఆమె అరిచింది. బావ "ఈ చేత్తోనేగా రాశావ్?" అన్నాడు. అది బాగా వినిపించింది. తర్వాత తలుపు మూసిన చప్పుడు. మామూలుగా మూసినట్టు లేదు, మధ్యలో ఏదో అడ్డు ఉన్నట్టు. మళ్ళీ తెరిచారు. మళ్ళీ మూశారు. మూడుసార్లు.

ఆమె కళ్ళజోడు మెట్ల మీద దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఒక అద్దం పగిలింది. తీసి చొక్కాతో తుడిచి మెట్టు మీద పెట్టాను, ఎవరూ తొక్కకుండా.

పైకి ఎక్కలేదు. ఎక్కి ఏం చేస్తాను? ఆలస్యమైపోయింది అప్పటికే.

18, శుక్రవారం

వీధి పేరు మాత్రమే చెప్పాను.

19, శనివారం

ల్యాబ్‌లో ఆమె కుర్చీ ఖాళీ. కుడి చేతి ఎముకలు నాలుగు చోట్ల విరిగాయట. "పీడా విరగడైంది" అన్నాడు ఆఫీసరు, టీ తాగుతూ. నేనూ తల ఊపాను.

ఇంటి నంబరు నేను చెప్పలేదు.

21, సోమవారం

ఈరోజుతో తేల్చేద్దామనుకున్నాను. ఆ పిల్ల కొలవడంలోనే ఏదో తప్పు ఉంటుంది. తూకమైనా తప్పి ఉండాలి, ఫర్నేసు వేడైనా తగ్గి ఉండాలి. బావ తోటలో ఒకే మడిలో, ఒకే వరుసలో ఆకులు కోశాను. సగం కడిగాను. సగం కడగలేదు. మిగతాదంతా పద్ధతి ప్రకారమే చేశాను, నా చేత్తోనే.

తొమ్మిది రెట్లు కాదు. పదకొండు.

మళ్ళీ చేశాను. పదకొండుకి కాస్త ఎక్కువ.

కౌంటరు మీద గుద్దాను. పైమూత సొట్టపోయింది. అంకె మారలేదు.

సరే, జనం కడుక్కునే తింటారు. వండుకునేవాళ్ళకి ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాదు.

పొడిగానే కడతారు అన్నాను నేనే. ఆ మాత్రం తెలీదా అని కూడా అన్నాను.

22, మంగళవారం

అక్క ఒడి తువ్వాలు అంచు కత్తిరించి జేబులో వేసుకెళ్ళాను. ఎలకలు కొరికాయనుకుంటుంది. అరచేతి వెడల్పు ముక్క. కౌంటరులో పెట్టాను.

అంకె పరిగెత్తింది. ఎర్రగీత దాటి ఎక్కడికో వెళ్ళింది. ఆపి, తుడిచి, ఖాళీగా పెట్టి చూశాను, కౌంటరు బాగానే ఉంది. మళ్ళీ గుడ్డ పెట్టాను, మళ్ళీ అదే.

అప్పుడు ఆ ముక్కని సింకులో కడిగాను. మూడుసార్లు, మా పద్ధతిలో. ఆరబెట్టి పెట్టాను. అంకె గీత లోపలికి వచ్చి బుద్ధిగా కూర్చుంది. పదకొండేళ్ళు నేను చేసింది ఇదే. ఇది తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఆ దుమ్మంతా దులిపింది అక్క, మీద వేసుకుంది అక్క, ఆ దారాన్ని నోట్లో పెట్టుకుంది అక్క. నేను వెళ్ళి 'అంతా బాగానే ఉందే అక్కా' అని ప్రతి సోమవారం చెప్పాను. నా మాట మీదే ఆ తోట నడిచింది.

గోడకి ఆనించి ఉన్న ఇనుప రాడ్డు తీసుకుని సింకుని కొట్టాను. పింగాణీ సింకు అది, నాలుగు దెబ్బలకి విరిగి పడింది. కొళాయి ఊడి నీళ్ళు పైకప్పుదాకా చిమ్మాయి. ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. కాలరు పట్టుకున్నాను.

"సార్, మీ ఇంటికి ఆకుకూర ఎక్కణ్ణించి తెప్పిస్తారు?"

"వదులయ్యా, పిచ్చెక్కిందా?"

"చెప్పండి సార్!"

"ఊరవతల నుంచి... మా ఆవిడకి అక్కడివైతేనే ఇష్టం."

తెలుసు వీడికి. మొదట్నుంచీ తెలుసు. ముక్కు మీద గుద్దాను. నెత్తురు నా చొక్కా మీద పడింది. గార్డులు నన్ను ఈడ్చి, కార్డు లాక్కుని, గేటు బయట పడేశారు. పక్కటెముకల్లో తన్నిన గార్డు నాకు పదేళ్ళుగా తెలిసినవాడే. రోజూ నమస్తే పెట్టేవాడు.

తన్నులు తింటుంటే హాయిగా ఉంది. నిజం రాస్తున్నాను. హాయిగానే ఉంది.

26, శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. నాకు అర్థమైతే చాలు.

బుధవారం సంగతి. పొద్దున అక్క కట్టలు కడుతోంది, కొనేవాడు లేకపోయినా. చెయ్యి ఊరుకోదంది. బావ గట్టు మీద పార పదును పెడుతున్నాడు. వెళ్ళి అక్క ముందు నిలబడ్డాను.

"అక్కా, ఆ తువ్వాలు తీసెయ్. ఆ దారం ఉమ్మెయ్. ఆ పిల్ల చెప్పిన అంకె నిజం."

బావ తల ఎత్తాడు. "మరి నీ అంకె?"

"నేను కడిగి కొలిచాను బావా. ఇన్నాళ్ళూ కడిగే కొలిచాను."

బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నెమ్మదిగా లేచాడు. పార కర్ర ఊడదీశాడు. ఆ పిల్ల తలుపు దగ్గర కుర్చీ పడే ముందు ఎంత నెమ్మదిగా మాట్లాడాడో అంత నెమ్మదిగా అడిగాడు.

"ఏ చేత్తో కడిగావురా?"

కుడి చెయ్యి చాపాను. రాతి గట్టు మీద నేనే పెట్టాను. ఎవరూ పట్టుకోలేదు. మూడు దెబ్బలు లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది.

అక్క ఆపలేదు. నాకది తప్పనిపించలేదు. నేలమీద పడి ఉంటే ఆవిడ పాదాలే కనిపించాయి, వాచిపోయి, వేళ్ళ సందుల్లో మట్టితో. నోట్లోంచి దారం తీసింది.

"పదకొండేళ్ళారా?"

"ఊఁ."

"ప్రతి సోమవారం వచ్చి నా ముందే కోసుకెళ్ళేవాడివి. నేనే కదరా లేతవి ఏరి ఇచ్చేదాన్ని."

అంతే అంది. కొడవలి తీసుకుని మడుల్లోకి దిగింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి. నరకడం మొదలుపెట్టింది. కొయ్యడం కాదు, నరకడం. వేర్లతో సహా, గట్లతో సహా, బిందెడు బిందెడు నీళ్ళు మోసి పెంచిన నారుతో సహా. బావ వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే కొడవలి తిప్పింది. ముంజేతి మీద గీసుకుపోయి నెత్తురు కారింది. "రా! ఇంకొక అడుగు వెయ్! ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టి ఇంటికొచ్చి నా చేత్తో అన్నం పెట్టించుకు తిన్నావు కదూ, రా!" అని అరిచింది. బావ ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో బావ ఆగడం నేను చూడలేదు.

దుమ్ము లేచింది. అక్క దగ్గుతోంది, నరుకుతోంది. పాక్కుంటూ వెళ్ళి నా చొక్కా ఇచ్చాను. "ముక్కుకి కట్టుకో అక్కా, పీల్చకు." చేతకాని వెధవని, అంతకంటే ఏం చెయ్యగలను? విసిరి కొడుతుందనుకున్నాను. కట్టుకుంది. కట్టుకుని మళ్ళీ నరికింది.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చి బావని తీసుకెళ్ళారు. కళ్ళజోడు ఆనవాళ్ళు చెప్పిందట, కుట్లున్న తల, కుంటికాలు. మెకానిక్కు పారిపోయాడు. "తీసుకెళ్ళండి" అంది అక్క.

ఈరోజు ఎముకల వార్డు వరండాలో కట్టు మార్పించుకోవడానికి బెంచీ మీద కూర్చుంటే ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. కుడి చేతికి భుజం దాకా పిండికట్టు. కొత్త కళ్ళజోడు. నా చెయ్యి చూసింది, ఎందుకని అడగలేదు.

"సింకు సంగతి విన్నాను బాబాయ్. పై ఆఫీసు తనిఖీవాళ్ళు మంగళవారం వస్తున్నారు. వాళ్ళ చేతికి సంచి ఇవ్వాలి. సోమవారం ఆకులు ఎవరు కోస్తారు?"

ఆమెకి తెలీదు. వీధి పేరు ఎవరు చెప్పారో ఆమెకి తెలీదు. బావే వెతుక్కుంటూ వచ్చాడనుకుంటోంది. చెబుదామని నోరు తెరిచాను. నర్సు నా వంతు అని పిలిచింది. నర్సు పిలవకపోయినా చెప్పేవాణ్ణి కాదు.

27, ఆదివారం

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. బావ చెప్పడు, నా గురించి కాదు, తన పౌరుషం కోసం. చెప్పకపోతే ఆ పిల్ల నన్ను బాబాయ్ అంటూనే ఉంటుంది.

28, సోమవారం

అక్క ఒక్క మడి నరక్కుండా వదిలింది, అటు చివర. "మీ మిషనుకి" అంది నా మొహం చూడకుండా. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆకులు కొయ్యడానికి వచ్చిన కళ్ళజోడుకీ నాకూ రెండు గుడ్డలు ఇచ్చి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

నాకు ఎడమ చెయ్యి, ఆమెకి ఎడమ చెయ్యి. కత్తెర నేను పట్టుకోవాలి, సంచి మూతి ఆమె తెరవాలి. ఒక చేత్తో సంచి తెరుచుకోదు. రెండుసార్లు పడేసింది. నవ్వొచ్చింది ఆమెకి. ఆ నవ్వు చూసి ఇక తట్టుకోలేకపోయాను.

"వీధి పేరు చెప్పింది నేనే" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు.

"మా బావకి. మీ వీధి పేరు. నేనే చెప్పాను. మెట్ల మీదే ఉన్నాను ఆ రోజు. కళ్ళజోడు తుడిచి మెట్టు మీద పెట్టింది నేనే. తలుపు మూడుసార్లు మూశారు. విన్నాను. పైకి రాలేదు."

ఆమె మొహానికి కట్టిన గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. సంచి కింద పెట్టింది. ఎడమ చేత్తో కొట్టింది. అలవాటు లేని చెయ్యి, చెంప మీద పడాల్సింది చెవి మీద పడింది. మళ్ళీ కొట్టింది, ఈసారి సరిగ్గా పడింది. కట్టిన గుడ్డ ఊడి నా మెడ మీదకి జారింది. ఇంకా కొడుతుందని నిలబడ్డాను. కొట్టాలనే నిలబడ్డాను. ఆమె కొట్టలేదు. మట్టిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మధ్యలో ఒకసారి "బాబాయ్ అని పిలిచాను కదయ్యా నిన్ను" అంది.

క్షమించమని అడగకుండా సంచి తీసి ఆమె పక్కన పెట్టాను.

కాసేపటికి ఆమె లేచి, సంచి మూతి పళ్ళతో ఒక పక్క పట్టుకుని ఇంకో పక్క చేత్తో తెరవబోయింది.

"నోటితో పట్టుకోకు!" అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నాకే తెలీదు. సంచి లాక్కుని నా చంకలో ఒక అంచు బిగించుకున్నాను. రెండో అంచు ఆమె పట్టుకుంది. గుడ్డ పైకి లాక్కోమని సైగ చేసింది. లాక్కున్నాను. కోశాను. అరకిలో అయ్యేదాకా కోస్తూనే ఉన్నాను.

చీటీ రాయాల్సింది నేనే, నా చెయ్యే కాస్త తిరుగుతోంది. చోటు రాశాను. తేదీ రాశాను. కోసినవారు దగ్గర నా పేరు రాశాను. చివరి గడికి వచ్చాను. టిక్కు చాలు. కానీ టిక్కు పెట్టి ఊరుకోలేదు, పక్కనే రాశాను కూడా, వంకరటింకరగా, చిన్నపిల్లాడిలా, చీటీ సగం నిండిపోయేంత పెద్దగా.

కడగలేదు.